అతిథి చదవాలి, పిల్లలు వినాలి

సెప్టెంబరు 8 దగ్గరపడుతోందంటే బడులకు అతిథుల తాకిడి మొదలవుతుంది. 1965లో ఆ రోజున టెహ్రాన్‌లో నిరక్షరాస్యత నిర్మూలనపై వివిధ దేశాల విద్యామంత్రుల మహాసభ ప్రారంభమైంది. ఆ గుర్తుగా యునెస్కో మరుసటి ఏడాది ఆ తేదీని అంతర్జాతీయ అక్షరాస్యతా దినంగా ప్రకటించింది. మన దేశంలో ఆ దినానికి ఒక మంచి పని జతచేసింది ప్రథమ్ బుక్స్ సంస్థ. 2012 నుంచి ‘వన్ డే వన్ స్టోరీ’ పేరుతో ఒక కథను అనేక భాషల్లోకి తెచ్చి వలంటీర్ల చేతికి ఇస్తోంది. వాళ్లు దగ్గర్లో ఉన్న బడికో గ్రంథాలయానికో వెళ్లి పిల్లలకు చదివి వినిపిస్తారు. బ్యాంకు ఉద్యోగులు, ఇంజినీరింగ్ విద్యార్థులు, రిటైరైన మాస్టార్లు, గృహిణులు... ఎవరైనా రావచ్చు. జీతం లేదు, పెద్ద అర్హతా అక్కర్లేదు, పైకి చదవడం వస్తే చాలు. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు.

చిక్కల్లా వలంటీరు బడి గేటు దాటాకే. అక్కడ ఆయన అతిథి అయిపోతాడు. కుర్చీ, మంచినీళ్ల బాటిల్, ఒక్కోచోట శాలువా. ప్రధానోపాధ్యాయుడు మాట్లాడతారు, ఎంఈవో వస్తే ఆయనా మాట్లాడతారు. అతిథి తాను వీధిదీపం కింద ఎలా చదువుకున్నదీ చెబుతాడు. ఆ తర్వాత ఐదో తరగతిలో గడగడా చదివే అమ్మాయిని లేపి ఒక పేరా చదివిస్తారు. చప్పట్లు, ఫొటో. కథకు మిగిలేది పది నిమిషాలు. అక్షరాలు ఇంకా పట్టుబడని పిల్లలు ఈలోగా వెనక వరుసలో చెప్పుల పట్టీలతో ఆడుకుంటూ ఉంటారు. ఈ వేడుక ఎవరి కోసం పుట్టిందో వాళ్లకే అందులో చోటు ఉండదు.

ఆ వెనక వరుస చిన్నదేం కాదు. గ్రామీణ భారతంలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే ‘అసర్’ సర్వే 2024లో తేల్చిన లెక్క ప్రకారం, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతం. ఐదో తరగతికి వచ్చినా ఆ పాఠం చదవగలుగుతున్నవారు సగానికి తక్కువే, 48.8 శాతం. ఈ లెక్కలు బయటపడ్డప్పుడల్లా మనం చేసేది ఒకటే: అక్షరాలు మళ్లీ దిద్దించడం, గుణింతాలు మళ్లీ వల్లె వేయించడం. అది చేయాల్సిన పనే. కానీ చదువు అంటే అదొక్కటే కాదు.

1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని చిన్న లెక్కగా చెప్పారు. చదివి అర్థం చేసుకునే శక్తి రెండింటి గుణకారం. ఒకటి, అక్షరాలను కూడబలుక్కుని మాటగా పలకగలగడం. రెండు, ఆ మాటే ఎవరైనా చెబితే విని అర్థం చేసుకోగలగడం. కూడిక అయితే ఒకటి తక్కువైనా రెండోది ఆదుకుంటుంది. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే. పేరా మొత్తం తప్పు లేకుండా చదివేసి, ‘ఏం అర్థమైందిరా?’ అంటే నేల చూపులు చూసే పిల్లవాడు ప్రతి తరగతిలో ఉంటాడు. వాడికి లోటు అక్షరాల్లో కాదు, విన్నదాంట్లో ఉంది.

తెలుగు పిల్లలకు ఈ లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది. యాభై ఆరు అక్షరాలతో పని అయిపోదు. ప్రతి హల్లుకూ గుణింతం, దానికి ఒత్తులు, సంయుక్తాలు... అన్నీ కలిపి వందల రూపాలు. మన లిపికి అక్కచెల్లెలు వంటి కన్నడంలో బడిపిల్లల చదువుపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధన కూడా ఇదే చెబుతోంది: అక్షర రూపాలన్నీ పట్టుబడటం ఒకటి రెండేళ్లలో తెమలదు, నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుంది. అన్నేళ్లూ పిల్లల చేతికి ‘తల, వల, పలక’ తప్ప మరేమీ ఇవ్వకపోతే, తీరా చదవడం వచ్చేసరికి చదవాలన్న కోరిక మిగలదు. వాళ్ల కళ్లు ఒత్తుల దగ్గర తడబడుతున్న కాలంలోనే చెవులు పెద్ద కథల్ని అందుకోగలవు. గట్టిగా చదివి వినిపించడం వల్ల ఒరిగేది అదీ. 

‘మేం చదివి పెడితే వాళ్లు చదివేదెప్పుడు?’ అని కొందరు టీచర్లు అడుగుతారు. వినడం వాళ్ల చదువుకు అడ్డుపడదు, దారి వేస్తుంది.

నిజానికి ఈ పద్ధతి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదివితే మరొకరు అర్థం చెప్పేవారు. వేలిముద్ర వేసే రైతుకు భారతం కథంతా కంఠతా ఉండేది అలాగే. రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాలానందం’ నడిపి రేడియో అన్నయ్య, అక్కయ్య అయింది కూడా వారం వారం వినిపించిన గొంతుతోనే. ఏడాదికోసారి వచ్చి వెళ్లి ఉంటే వాళ్లను ఎవరూ అన్నయ్య, అక్కయ్య అనేవారు కాదు.

ఆ మధ్య ఉమ్మడి మెదక్ జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో డిగ్రీ చదివే అమ్మాయి కథ చదువుతుంటే కూర్చుని చూశాను. కుర్చీ వేస్తే వద్దంది. నేల మీద కూర్చుని, బొమ్మలు పిల్లలకు కనిపించేలా పుస్తకాన్ని భుజం పక్కన అటు తిప్పి పట్టుకుంది. వాక్యం కింద వేలు కదుపుతూ చదువుతోంది. పేజీ తిప్పబోయి ఆగి, ‘ఇప్పుడు మేక ఏం జేస్తది?’ అంది. ‘ఉరుకుతది’ అన్నాడొకడు. ‘ఏ, ఆడనే దాక్కుంటది’ అంది ఇంకో అమ్మాయి. పేజీ తిప్పింది. సగం తరగతి గెలిచినట్టు అరిచింది. పదహారు పేజీలు అయిపోయాక ‘మల్ల సదువక్కా’ అన్నారు. రెండోసారి చదువుతుంటే వాక్యం చివరి మాటను ఆమె కంటే ముందే అందుకున్నారు. మూడోసారికి, అంతదాకా నోరు విప్పని ఒక పిల్ల లేచి వచ్చి ‘మేక’ అన్న మాట కింద వేలు పెట్టింది. ఆ పిల్ల ఇంకా అక్షరాలు దిద్దుతోందని తర్వాత టీచరమ్మ చెప్పారు.

అక్కడ జరిగినదాంట్లో మంత్రం ఏమీ లేదు. పుస్తకాన్ని తన మొహానికి అడ్డం పెట్టుకుని వార్తలు చదివినట్టు చదివితే ఆ పిల్ల లేచి వచ్చేది కాదు. మధ్యలో ఆగి అడగడం, పిల్లల జవాబును పట్టుకుని ముందుకు పోవడం, ఆ కథనే మళ్లీ చదవడం వల్ల జరిగింది. ఫోనులో కథలు వినిపించే యాప్‌లు బోలెడున్నాయి కదా అనేవారికి కూడా జవాబు ఇందులోనే ఉంది. ఫోను చదువుతుంది, పిల్ల మొహం చూసి ఆగదు. ఆదివాసీ గూడేల్లో, తండాల్లో అయితే ఇంకో మెట్టు ఎక్కాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం గోండి, కోయ, సవర వంటి ఎనిమిది భాషల్లో చిన్నపిల్లలకు పాఠాలు తెచ్చింది. అక్కడ పిల్లల భాష తెలిసిన ఊరి మనిషే చదవాలి, పట్నం నుంచి వచ్చిన అతిథి పక్కన కూర్చుని వినాలి.

జోర్డాన్‌లో రానా దజానీ అనే జీవశాస్త్రవేత్త 2006లో అమ్మాన్‌లోని తమ పేట మసీదులో పిల్లలకు కథలు చదవడం మొదలుపెట్టారు. ఆమె తెలివైన పని ఏమిటంటే తాను ఊరూరా తిరగలేదు. ఏ పేట ఆడవాళ్లకు ఆ పేటలోనే చదివి వినిపించడం నేర్పారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు, శరణార్థి శిబిరాలకూ పాకింది. మన దగ్గర కార్యక్రమాలకు కొదవ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘చదవడం మాకిష్టం’, 2022 జనవరిలో కేంద్రం నూరు రోజుల ‘పఢే భారత్’, ఆ ఏడాదే తెలంగాణలో ‘రీడ్’. పేర్లు మంచివే, ఉద్దేశాలూ మంచివే. నూరు రోజులు దాటాక నూటొకటో రోజు పుస్తకం ఎవరు తీస్తారన్నదే వాటిలో లేదు.

పుస్తకం ఉంటే కదా తీయడం. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి బడిలో కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలి. చాలా బడుల్లో అది ప్రధానోపాధ్యాయుని గదిలో తాళం వేసిన ఇనుప బీరువా. పుస్తకం చిరిగితే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలన్న భయంతో ఆ తాళం తీయరు. చిరిగిన పుస్తకాన్ని వాడిన పుస్తకంగా లెక్క రాసుకోవచ్చని విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే సగం బీరువాలు తెరుచుకుంటాయని నా నమ్మకం. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపారు. ఆ ఉద్యమ వారసత్వంగా వచ్చిన 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు ఉంది. జనం కడుతున్నారు. స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు బకాయి పెట్టడం ఏళ్లుగా వింటున్నదే. ఆ బకాయిలో ఒక వాటాను బడిపిల్లల పుస్తకాలకని విడిగా రాబడితే కొత్త పథకమూ అక్కర్లేదు, కొత్త పేరూ అక్కర్లేదు.

ఇక మనుషులు. ప్రతి మండలంలో ఎన్ఎస్ఎస్ విద్యార్థులు ఉన్నారు, పింఛను తీసుకుంటున్న ఉపాధ్యాయులు ఉన్నారు, పది, ఇంటర్ చదివి ఇంటిపట్టున ఉన్న తల్లులు ఉన్నారు. బడికి ఇద్దరు చొప్పున, వారానికి ఒక పీరియడ్, జూన్ నుంచి ఏప్రిల్ దాకా. ఆ పీరియడ్ టైమ్‌టేబుల్‌లో ఉండాలి, పరీక్షలు దగ్గరపడ్డాయని లెక్కల సారు లాక్కోకూడదు. వచ్చినవాళ్లను ట్యూషన్ చెప్పమనకూడదు, చదివాక పిల్లలకు ప్రశ్నపత్రం పెట్టనూ కూడదు. ఈసారి సెప్టెంబరు 8న బడికి వెళ్లే అతిథులు శాలువా వద్దని, వెనక వరుసను ముందుకు జరపమని అడగాలి. చదివిన పుస్తకాన్ని ఆ గదిలోనే వదిలి, వచ్చే వారం ఏ రోజు ఏ గంటకు రావాలో ప్రధానోపాధ్యాయుణ్ని అడిగి డైరీలో రాసుకోవాలి.