జీతం లేని కావలి

గుడికి ధర్మకర్తలుంటారు. మరి గుట్టకు? గడ్డి మైదానానికి? రాత్రిపూట మాత్రమే తిరిగే ఓ చిన్న పిట్టకు?

ధర్మకర్త అనగానే చాలామందికి గుర్తొచ్చేది దేవాలయం. హుండీ లెక్కలు, మాన్యం భూములు, తిరునాళ్ల ఏర్పాట్లు. స్వామి సొమ్మును స్వామికే ఖర్చు పెట్టాలి. పైసా ఇంటికి తీసుకెళ్లకూడదు. ఇంగ్లిషువాళ్లు 'ట్రస్టీ' అనే మాటకు తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు ఇదే. అడవి కోసం, అడవిలోని జీవాల కోసం పెట్టిన సంస్థలకూ అచ్చం ఇలాంటి ధర్మకర్తలే ఉంటారు. తేడా ఒక్కటే... గుడిలో దేవుడు ఎప్పుడూ ఒకేచోట ఉంటాడు. ఇక్కడ కాపాడాల్సిన జీవి ఉందో లేదో కూడా కొన్నిసార్లు తెలియదు! అలాంటి కథే కడప జిల్లాలో జరిగింది.

లంకమల పొదల్లో...

కలివి కోడి. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. థామస్ జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో దీని గురించి లోకానికి చెప్పాడు. అందుకే ఇంగ్లిషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1900 తర్వాత మళ్లీ ఎవరికీ కనిపించలేదు. పేరున్న పక్షి శాస్త్రవేత్తలు వచ్చి వెతికారు. ఫలితం లేదు. ఇక అంతరించిపోయిందనే అనుకున్నారు.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మాత్రం ఆశ వదులుకోలేదు. ఆ సంస్థ తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు పక్షి బొమ్మ పట్టుకుని పల్లెపల్లెకూ తిరిగాడు. పుస్తకాల్లో దొరకని జవాబు ఊళ్లో దొరికింది. 1986 జనవరిలో సిద్ధవటం, బద్వేలు ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఆ పిట్టను పట్టుకున్నాడు. అది నిశాచరి అన్న సంగతి అప్పుడుగానీ బయటి ప్రపంచానికి అర్థం కాలేదు. ఎనభై ఆరేళ్ల నిశ్శబ్దం అలా వీడింది! 1988లో ఆ పిట్ట బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. సుమారు 464 చదరపు కిలోమీటర్ల లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడటానికీ అదే కారణమైంది.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఎవరూ చూడని పిట్ట కోసం ఒక కుర్రాణ్ని ఊళ్లు తిప్పడానికి డబ్బు కావాలి. ఆ ఖర్చుకు 'సరే' అనే పెద్దలు కావాలి. ఏడాది తిరిగేసరికి 'ఏం సాధించారు?' అని అడిగితే 'ఇంకా వెతుకుతున్నాం' అని చెప్పే ధైర్యమూ కావాలి. సంస్థను నడిపించే బాధ్యత తీసుకున్నవాళ్ల పని సరిగ్గా అదే.

ఎనిమిది మందితో మొదలు

ఆ సొసైటీ 1883లో బొంబాయిలో ఎనిమిది మందితో మొదలైంది. వాళ్లలో ఇద్దరు భారతీయులు. ఇద్దరూ వైద్యులే... ఆత్మారామ్ పాండురంగ్, సఖారామ్ అర్జున్. నెలకోసారి కలుసుకోవడం, తాము చూసిన జంతువులూ పక్షుల ముచ్చట్లు చెప్పుకోవడం. అంతే! బతుకుతెరువుకు వేరే వృత్తులుండేవి. తీరిక వేళల్లో చేసిన పని నూట నలభై ఏళ్లు దాటిన సంస్థ అయ్యింది. పక్షుల పెద్దాయన సలీం అలీ ఆ సంస్థకు గౌరవ కార్యదర్శిగా, అధ్యక్షుడిగా పనిచేశాడు.

బ్రిటన్‌లోని పక్షి సంరక్షణ సంఘం ఆర్‌ఎస్‌పీబీ కథా అలాంటిదే. 1889లో కొందరు మహిళలు 'టోపీల అలంకారానికి పక్షుల ఈకలు వాడం' అని ఒట్టు పెట్టుకున్నారు. అదే ఆ సంఘానికి పునాది. తర్వాత చాలాకాలానికి, ఆ సంఘమూ అక్కడి విశ్వవిద్యాలయాలూ బొంబాయి సొసైటీతో చేయి కలిపి కలివి కోడి పరిశోధనకు సాయం చేశాయి. మాంచెస్టర్ ఇల్లాళ్ల పట్టుదల కడప పొదలదాకా వచ్చిందన్నమాట.

నీళ్లా... పిట్టా?

ధర్మకర్తకు అసలు పరీక్ష మంచికీ చెడుకీ మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఎదురుకాదు. రెండు మంచి పనులు ఎదురెదురుగా నిలబడినప్పుడు ఎదురవుతుంది. కడపలో అదే జరిగింది.

తెలుగుగంగ కాలువ అంటే సీమ రైతుకు ఆశ. శ్రీశైలం నుంచి కర్నూలు, కడప, నెల్లూరు మీదుగా చెన్నైదాకా వెళ్లే నీళ్లవి. వాన కోసం ఆకాశం చూసీ చూసీ మెడలు నొప్పిపుట్టిన నేలలో కాలువను కాదనేవాడు ఎవడు? కానీ 2005లో కాలువ తవ్వే యంత్రాలు సరిగ్గా కలివి కోడి తిరిగే పొదల్లోకే వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా మట్టిని మెత్తగా పరిచి, తెల్లారాక పాదముద్రలు లెక్కబెట్టిన చోట పొదలు లేచిపోయాయి.

సంరక్షకులు అప్పుడు 'కాలువే వద్దు' అని కూర్చుంటే ఏమయ్యేది? ఊళ్లన్నీ పిట్టకు శత్రువులయ్యేవి. వాళ్లు అడిగింది వేరు. కాలువ రావాలి, దారి మాత్రం కాస్త మళ్లించాలి. పరిశోధకుడు పి. జగన్నాథన్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి సేకరించిన పాదముద్రలు, పిలుపుల రికార్డులు, ఆటోమేటిక్ కెమెరా చిత్రాలు అప్పుడు సాక్ష్యాలుగా పనికొచ్చాయి. అటవీశాఖ పనులు ఆపించింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీదాకా విషయం వెళ్లింది. చివరకు కాలువ దారి మారింది. నీళ్లూ ఆగలేదు, పొదలూ మిగిలాయి.

ఆవేశంతో చేసే ధర్నా ఒకరోజు ఉంటుంది. ఓపికగా రాసిన లెక్క పదేళ్లయినా నిలబడుతుంది. సంస్థ డబ్బును దేనికి ఖర్చు పెట్టాలో తేల్చుకునేటప్పుడు ధర్మకర్తలు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది.

రోళ్లపాడు చెప్పే పాఠం

కర్నూలు వైపు కథ ఇంత సుఖాంతం కాదు. నందికొట్కూరు దాపున, మిడుతూరు మండలంలోని రోళ్లపాడు (2022 నుంచి నంద్యాల జిల్లా) గడ్డి మైదానం ఒకప్పుడు బట్టమేక పిట్టలకు పుట్టిల్లు. మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోలదాకా బరువు. ఎగిరే పక్షుల్లో ఇంతకన్నా బరువైనవి అరుదు. ఏడాదికి సాధారణంగా పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. అదీ నేల మీదే. 1980ల్లో బొంబాయి సొసైటీ పరిశోధకులు అసద్ రహ్మానీ, రంజిత్ మనక్కాడన్ ఇక్కడ ఏళ్ల తరబడి వీటిని గమనించారు. 1988లో అభయారణ్యం ప్రకటించారు. కంచె వేశారు. కావలి పెట్టారు.

ఆ తర్వాత? కృష్ణజింకలు పెరిగాయి. పెరిగిన జింకలు చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. రాత్రంతా చేలో కాపలా కాసి, తెల్లారేసరికి మేసిన మొక్కల్ని చూసిన రైతుకు 'అభయారణ్యం' అన్న మాట ఎలా వినిపిస్తుంది? కాలువ నీళ్లొచ్చాయి, అలగనూరు జలాశయం కట్టారు, చుట్టూ పంటల తీరు మారింది. పిట్టకు తిండి దొరికే మెట్ట చేలు తగ్గాయి. ఇప్పుడు దేశం మొత్తమ్మీద బట్టమేక పిట్టలు నూట యాభైకి మించి లేవన్నది అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. రోళ్లపాడులో ఒక్కటి కనిపించినా అది వార్తే.

అంటే కంచె వేయగానే కాపాడినట్టు కాదు. కలివి కోడి విషయంలోనూ పరిశోధకులు ఇలాంటిదే తేల్చారు. హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటే అది ఎక్కువగా ఉంటుంది. పొదలు మరీ దట్టమైనా వెళ్లిపోతుంది, మొత్తం నరికేసినా వెళ్లిపోతుంది. కాస్తంత మేత, కాస్తంత కట్టెల కొట్టుడు ఉంటేనే ఆ నేల దానికి అనువుగా నిలుస్తుంది. గొర్రెల కాపరిని అడవి నుంచి తరిమేస్తే పిట్టకు మేలని ఊళ్లో ఉన్నవాడెవడూ అనడు. నగరంలో ఏసీ గదిలో సమావేశమైనవాళ్లు అనే ప్రమాదముంది! అందుకే సంస్థ పెద్దల్లో ఆ నేల తెలిసినవాళ్లు ఒకరిద్దరైనా ఉండాలి. గొర్రెలు కాచినవాడు, చెంచుగూడెం పెద్ద, మెట్ట రైతు... వీళ్లకు కుర్చీ వేయని సంస్థకు సగం కన్ను మూసుకున్నట్టే.

చేరే ముందు...

'అడవులంటే ఇష్టం. ట్రస్టీగా ఉండమంటున్నారు, ఉండనా?' అని ఆలోచించే ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన ఇంజినీర్లు చాలామందే ఉంటారు. నిజానికి ఇలాంటి సంస్థలకు పులుల శాస్త్రవేత్తలకన్నా లెక్కలు చూసేవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు, ఊరివాళ్లతో మాట కలిపేవాళ్లే ఎక్కువ అవసరం. అయితే సంతకం పెట్టేముందు కొన్ని చూసుకోవాలి.

మొదటిది, ట్రస్టు డీడు. సంస్థ ఎందుకు పెట్టారో, డబ్బు దేనికి వాడొచ్చో అందులో ఉంటుంది. దాన్ని దాటి మంచిపని చేసినా తప్పే. రెండోది, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు. చూపించడానికి వెనకాడే సంస్థలో చేరకపోవడమే మేలు. మూడోది, విరాళాలకు పన్ను మినహాయింపు అనుమతులు, విదేశీ సొమ్ము వస్తుంటే దానికి సంబంధించిన రిజిస్ట్రేషను సక్రమంగా ఉన్నాయా అన్నది. నాలుగోది, సొంత లాభం. తమ్ముడి జీపునే అద్దెకు తీసుకోవడం, బంధువు తోటలోనే మొక్కలు కొనడం... చిన్నవిగానే కనిపిస్తాయి. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ప్రధానంగా ప్రైవేటు ట్రస్టులకు వర్తించేదే. కానీ అందులోని మూలసూత్రం అన్ని ట్రస్టులకూ ఒకటే: ట్రస్టు ఆస్తితో ట్రస్టీ సొంత లాభం చూసుకోరాదు. మాట తప్పి నష్టం తెస్తే సొంత జేబులోంచి కట్టాల్సి రావచ్చు కూడా.

అయిదోది అన్నిటికన్నా కష్టమైనది. సమావేశంలో 'ఎందుకు?' అని అడగడం. సంస్థను పెట్టిన పెద్దాయన మీద గౌరవంతో అందరూ తలూపుతున్నప్పుడు 'ఈ ఖర్చు వల్ల పిట్టకేం ఒరిగింది?' అని ఒకరు మర్యాదగా అడగాలి. అది అవమానించడం కాదు. ధర్మకర్త ఉన్నదే అందుకు.

ట్రస్టులో చేరకుండానూ దారులున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గౌరవ వైల్డ్‌లైఫ్ వార్డెన్లను ప్రభుత్వం నియమిస్తుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. మీ ఊళ్లో ఉందా? ఉంటే ఎప్పుడు సమావేశమైంది? ఈ రెండు ప్రశ్నలు అడిగినా ఒక పని మొదలైనట్టే. అసలు ఏ కాగితమూ లేకుండా కాపలా కాస్తున్న ఊళ్లూ ఉన్నాయి. హిందూపురం దాపున చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్లమీదే గూళ్లు కడతాయి. అవి వస్తే ఊరికి మంచిదని గ్రామస్తుల నమ్మకం. తరతరాలుగా వాటి జోలికి పోరు, ఎవర్నీ పోనివ్వరు. ధర్మకర్తల మండలి అంటే అదే కదా!

కనిపించని దానికోసం

2009 తర్వాత కలివి కోడి మళ్లీ మాయమైంది. ఏళ్లు గడిచాయి. 'లేని పిట్టకు డబ్బెందుకు? ఏనుగుకో పులికో పెడితే విరాళాలైనా వస్తాయి' అన్న మాట ఏ సంస్థలోనైనా వినిపించకుండా ఉండదు. అది తేలిగ్గా కొట్టేయదగ్గ వాదన కూడా కాదు. దాతల సొమ్ము నిజంగానే పరిమితం.

అప్పుడు ధర్మకర్త ముందున్న ప్రశ్న ఇది: కనిపించనంత మాత్రాన లేనట్టేనా? ఎనభై ఆరేళ్లు కనిపించని పిట్ట ఒకరాత్రి టార్చి వెలుగులో నిలబడింది. ప్రపంచంలో ఉన్నట్టు తెలిసిన దాని ఒకే ఒక్క గుడ్డు స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఎవరికీ పట్టకుండా పడివుండి, 2013లో బయటపడింది. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పిట్ట పిలుపును మళ్లీ రికార్డు చేసింది. ఈలోగా 'ఎలాగూ లేదుగా' అనుకుని ఆ పొదల్ని క్వారీలకో తోటలకో వదిలేసి ఉంటే ఆ పిలుపు వినిపించడానికి చోటే మిగిలేది కాదు.

కలివి కోడి ఓటు వేయదు, చందా ఇవ్వదు, సన్మానం చేయదు. కాపాడినవాళ్ల పేరు కూడా దానికి తెలియదు. దాని తరఫున లెక్కలు చూసి, సంతకాలు పెట్టి, అవసరమైనప్పుడు అడ్డం నిలబడేవాళ్లకు దక్కేదల్లా ఒక్కటే... తమ తర్వాతి తరం కుర్రాడు ఏదో ఒక రాత్రి లంకమల పొదల దగ్గర చెవి ఒగ్గి వినడానికి అవకాశం మిగలడం. జీతం లేని కావలికి అంతకన్నా పెద్ద జీతం ఏముంటుంది?