యానాం పోవాలంటే ఎన్ని షిఫ్టులు పోతాయి?

"యానాం పోవాలంటే ఎట్లా పోవాల?" అని ఈ మధ్య నెలకు ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. అడిగేది కోడళ్ళు, అడిగించేది ఇంట్లో అవ్వలు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి కదా. "కన్ను మూసేలోపల ఒకతూరి గోదారిలో మునిగి రావాల" అని పెద్దవాళ్ళ కోరిక. పన్నెండేళ్ళకు ఒకసారి వచ్చే పండుగ అది. డెబ్బై దాటిన మనిషిని ఇంకో పుష్కరం దాకా ఆగమంటే ఎట్లా?

రాజమండ్రి ఉండగా యానాం ఎందుకంటారా? 2015 జూలై 14న, పుష్కరాలు మొదలైన రోజే, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. కర్ర పట్టుకుని నడిచే మనిషిని అంత గుంపులోకి తీసుకుపోవడానికి నాకైతే మనసొప్పదు. ఆ గోదావరే కిందికి వచ్చి యానాం పక్కన పారుతుంది. 2015లో అక్కడా పుష్కరాలు జరిగాయి. గుంపు అక్కడా ఉంటుంది, కాదనను. కానీ పుణ్యం నీళ్ళలో ఉందనుకుంటే నీళ్ళు ఒకటే. పుష్కరం రోజులు వదిలేసి మామూలు రోజుల్లో పోతే ఇంకా సుఖం.

మన నొయ్యల్ ఏటికి తీసుకుపోయి మునగమని అవ్వతో చెప్పే గతి మనకు లేదు. అద్దకం పట్టరల నీళ్ళు ఆ ఏటిని ఏం చేశాయో తిరుప్పూరు చుట్టుపక్కల వాళ్ళకు నేను చెప్పాలా. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వాటిని మూయించే దాకా పోయింది. అప్పుడు పని పోయి ఇంట్లో కూర్చున్నదీ మనవాళ్ళే. అందుకే వెయ్యి కిలోమీటర్లు దాటి పోవాల్సి వస్తోంది.

యానాం చిన్న ఊరు. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. చుట్టూ ఆంధ్ర, మధ్యలో ఈ ఒక్క ముక్క మాత్రం పుదుచ్చేరి సర్కారుది. కేరళలో మాహే ఎట్లాగో ఇదీ అట్లాగే, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ ఊరు. వాళ్ళు 1720లలో వచ్చి వ్యాపారం పెట్టింది గుడ్డల కోసమే. ఆ చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన బట్ట యానాం రేవు నుంచి ఓడెక్కేది. నూలు, బట్ట మీద బతికే మనకు ఆ ఊరు అంత పరాయిది కాదన్నమాట. 1954లో ఫ్రెంచివాళ్ళు పోయారు. అంతకుముందు ఆ ఊరికి ఇంకో పేరుండేది, కల్యాణపురం అని. 1930 నుంచి ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో బాల్యవివాహాలకు అడ్డంగా శారదా చట్టం వచ్చింది. యానాంలో ఆ చట్టం చెల్లదు కాబట్టి పసిపిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు బండ్లు కట్టుకుని అక్కడికి పోయేవాళ్ళు. మంచి పేరు వెనక మంచి కథే ఉండాలని లేదు.

ఇక దారి సంగతి. మొదట తెలుసుకోవాల్సింది, యానాంలో రైలు స్టేషనూ లేదు, విమానాశ్రయమూ లేదు. దేనిలో పోయినా చివరి ముక్క బస్సులోనో కారులోనో పోవాల్సిందే.

రైలు అయితే మనకు ఒక బండి ఉంది, అలెప్పీ–ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్. బొకారో బండి అని పిలుస్తాం కదా, అదే. అవినాశికి రైలు లేదు, తిరుప్పూరు పోయి ఎక్కాలి, పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు. సేలం, కాట్పాడి, విజయవాడ, రాజమండ్రి దాటి సామర్లకోటలో దిగాలి. ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణం. టైములు మారుతుంటాయి, టికెట్టు మీద చూసుకోండి. సామర్లకోట నుంచి కాకినాడ పదిహేను కిలోమీటర్ల లోపే. కాకినాడ నుంచి యానాం ముప్పై కిలోమీటర్లు, బస్సులు వరసగా ఉంటాయి. ఈ బండిలో దొరక్కపోతే చెన్నై పోయి, అక్కడి నుంచి కాకినాడ పోయే సర్కారు ఎక్స్‌ప్రెస్ పట్టుకోవచ్చు. కానీ మూటలతో, ముసలివాళ్ళతో చెన్నైలో బండి మారడం నేను చెప్పను.

టికెట్లు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందే ఇస్తారు. ముందు 120 రోజులు ఉండేది, 2024 నవంబరు నుంచి తగ్గించారు. ముసలివాళ్ళకు సగం చార్జీ ఉంటుందని ఇంకా నమ్మేవాళ్ళు ఉన్నారు. ఆ రాయితీ 2020 మార్చిలో తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు. మిగిలిందల్లా కింది బెర్తు. 60 దాటిన మగవాళ్ళకు, 45 దాటిన ఆడవాళ్ళకు ఖాళీ ఉంటే కింది బెర్తు ఇస్తారు. వయసు సరిగ్గా రాయించండి. చిన్న వయసు చెప్పుకునే అత్తలు ఈ ఒక్కసారికి నిజం చెప్పాలి.

ఇంకొక మాట. దీపావళి బోనసు చేతికి రాగానే పోదామనుకుంటారు కొందరు. ఆ పది పదిహేను రోజులు ఈ బండి వైపు చూడవద్దు. జార్ఖండ్, బీహార్ పిలకాయలు పండక్కి ఇళ్ళకు పోయేది ఈ బండిలోనే. రిజర్వేషను పెట్టెలో కూడా కాలు పెట్టే జాగా ఉండదు. వాళ్ళ మీద కోపం వద్దు. వాళ్ళూ మిల్లు పిల్లలే, ఏడాదికి ఒక్కసారి తల్లిని చూడబోతున్నారు.

ఇప్పుడు విమానం. ఈ మాట ఎత్తగానే "మనకెందుకు అదంతా" అంటారు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

కోయంబత్తూరు విమానాశ్రయం మన అవినాశి రోడ్డు మీదే ఉంది, అవినాశి నుంచి ముప్పై కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద కొత్తగా కట్టిన పది కిలోమీటర్ల పైవంతెనకు 2025 అక్టోబరులో జి.డి. నాయుడు గారి పేరు పెట్టారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి–పళని మధ్య మొదలుపెట్టిన మనిషి. దారుల గురించి రాస్తూ ఆయన్ను తలుచుకోకపోతే మన పెద్దవాళ్ళు ఒప్పుకోరు.

కోయంబత్తూరు నుంచి రాజమండ్రికి నేరుగా విమానం లేదు. హైదరాబాదులోనో చెన్నైలోనో దిగి ఇంకొకటి ఎక్కాలి. ఆ రెండోది చాలాసార్లు రెక్కలకు పంకాలు తిరిగే చిన్న విమానం. మోత ఎక్కువ, భయపడే పని లేదు. రాజమండ్రి విమానాశ్రయం ఊరి బయట మధురపూడిలో ఉంది. అక్కడి నుంచి యానాం దాదాపు డెబ్బై కిలోమీటర్లు, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా పోతే గుడి కూడా చూసుకోవచ్చు. దారి పొడుగునా కాలవలు, వరిచేలు, కొబ్బరిచెట్లు.

"గంటలో ఎగిరిపోతాం" అనుకుంటారు కానీ, ఇల్లు వదిలేది తెల్లవారుజామున. రెండు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. మధ్యలో దిగి రెండు మూడు గంటలు కాచుకోవాలి. చివరన కారులో రెండు గంటలు. మొత్తం పది పన్నెండు గంటలు, అంటే ఒక పగలంతా. రైలు అయితే ఇల్లు వదిలి యానాం చేరేసరికి సుమారు 22 గంటలు.

షిఫ్టుల్లో లెక్క చూడండి. రైలులో పోనూ రానూ, ఊళ్ళో ఒకటిన్నర రోజూ కలిపితే నాలుగు రోజులు. ఒకటి వారపు సెలవు అనుకుంటే మూడు షిఫ్టులు పోతాయి. విమానంలో పోతే పోయే రోజొకటి, ఉండే రోజొకటి, వచ్చే రోజొకటి. వారపు సెలవు తీసేస్తే రెండు షిఫ్టులు. అంత డబ్బు పోసినా మిగిలేది ఒక్క షిఫ్టు! మన ఒక్క రోజు సంబళం ఎంతో, విమానం టికెట్టుకీ రైలు టికెట్టుకీ తేడా ఎంతో మీకే తెలుసు. కాబట్టి ఒళ్ళు బాగున్నవాళ్ళు సంబళం మిగులుతుందని విమానం ఎక్కితే అది తప్పుడు లెక్క.

కానీ అవ్వ లెక్క వేరు. కాళ్ళు వాచే మనిషి, చక్కెర రోగం ఉండి మాటిమాటికి లేవాల్సిన మనిషి, కదిలే రైలులో ఆ ఇరుకు మరుగుదొడ్డికి రాత్రిపూట నడిచిపోవడం చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఆమెకు విమానం సోకు కాదు. నలుగురు పిల్లలు తలా కొంచెం వేసుకుంటే అవ్వకూ, తోడు పోయే ఒకరికీ టికెట్టు వస్తుంది. మిగిలినవాళ్ళు ఒక రోజు ముందు రైలు ఎక్కి యానాంలో గది చూసి, మధురపూడికి కారు పంపితే సరి. నేనైతే ఇట్లాగే చేయమంటాను. చీటీ పాడి ఇంటిల్లిపాదీ ఎగిరిపోయి, తర్వాత ఏడాదంతా ఓవర్‌టైము చేసేదానికన్నా ఇది మేలు.

విమానం టికెట్టు తీసేటప్పుడు రెండు విమానాలూ ఒకే టికెట్టులో ఉండేట్టు చూడండి. చవక అని విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు. చక్రాల కుర్చీ కావాలని అప్పుడే చెప్పండి, నడవలేని పెద్దలకు అది ఉచితం. ఆధార్ కార్డులో పేరు ఎట్లా ఉందో టికెట్టులో అట్లాగే ఉండాలి. మనవాళ్ళ పేర్లు మిల్లు రిజిస్టరులో ఒకలాగ, రేషను కార్డులో ఒకలాగ, ఆధార్‌లో ఇంకోలాగ ఉంటాయి కదా. మూట చేతిలోకి 7 కిలోలు, లోపల వేయడానికి మామూలుగా 15 కిలోలు. ఊరగాయ, నెయ్యి, నూనె చేతి సంచీలో పెట్టుకోవద్దు. మందులు మాత్రం చేతి సంచీలోనే ఉండాలి.

లీవు సంగతి కూడా చెప్పాలి, అసలు అడ్డం అదే కాబట్టి. ఇరవై రోజుల పనికి ఒక రోజు సంబళంతో లీవు అన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్నదే. కాంట్రాక్టు మీద చేసేవాళ్ళకు రాదని సూపర్వైజర్లు చెబుతుంటారు. చట్టంలో ఆ మాట లేదు. కాకపోతే నోటితో అడిగితే నోటితోనే కాదంటారు. కాగితం మీద రాసి, నెల ముందే ఇచ్చి, ఒక నకలు దగ్గర పెట్టుకోండి. తోడున్న నలుగురూ ఒకే వారం అడగకుండా మాట్లాడుకుంటే మంచిది.

ఎప్పుడు పోవాలి? పుష్కరాలకు కాకుండా మామూలుగా పోయేవాళ్ళకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. జూలై, ఆగస్టు గోదావరి వరద నెలలు. 2022 జూలైలో యానాం కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరులో వచ్చిన తుపాను ఆ తీరాన్ని ఎట్లా తుడిచిపెట్టిందో అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వరద నెలల్లోనే పులస చేప దొరుకుతుంది. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలని వాళ్ళ సామెత. ధర విన్నాక అది సామెత కాదు, నిజంగానే చెప్పారని తెలుస్తుంది.

చీకటి పడ్డాక యానాం చేరేట్టు పెట్టుకోవద్దు. లాడ్జీలు ఉన్నా కొద్దిగానే. గది ముందే మాట్లాడుకోకపోతే కాకినాడలో రాత్రి ఉండి పొద్దున్నే పోవడం మంచిది. ఊళ్ళో రాజీవ్ బీచ్ అంటే సముద్రం అనుకునేరు, అది గౌతమి గోదావరి ఒడ్డే. సముద్రం ఇంకా కొంత దూరం. అవ్వను అక్కడ మెట్ల దగ్గర కూర్చోబెట్టి చెంబుతో పోసినా చాలు, లోతుకు దించకండి.

ఏటి మీద పెద్ద వంతెన కనబడుతుంది, అవతల ఎదుర్లంక. 2002 దాకా అక్కడ వంతెన లేదు, పంటు మీదే దాటాలి. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ ఆ ఏడాదే మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయిన బాలయోగి గారి పేరు దానికి పెట్టారు. వంతెన దాటితే కోనసీమ. ఇంకో రోజు లీవు ఉన్నవాళ్ళకు ఆ సంగతి.

మన తెలుగు విని వాళ్ళు "మీరు తమిళమా అండీ?" అని అడుగుతారు. నొచ్చుకోవద్దు. విజయనగర రాజుల, నాయకుల కాలంలో ఇటు వచ్చినవాళ్ళం, మన మాట మారింది, వాళ్ళదీ మారింది. పుదుచ్చేరి ఆఫీసర్లు వచ్చిపోయే ఊరు కాబట్టి తమిళం కూడా వాళ్ళకు కొత్త కాదు. బేరం ఏ భాషలో కుదిరితే ఆ భాషలో ఆడండి. మంగళవారం అయితే సంత ఉంటుంది.

చివరగా, గోదావరి నీళ్ళు ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్ళకు. విమానంలో చేతి సంచీలో నీళ్ళ సీసా ఉంటే వదలకపోవచ్చు, తీసి పారేయమనవచ్చు. అవ్వ కళ్ళ ముందు ఆ పని జరగనివ్వకండి. చెంబుకు మూత బిగించి రైలులో వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చేయండి.