మోవానా పడవను నడిపింది ఎవరు?

2016లో వాల్ట్ డిస్నీ సంస్థ తీసిన 'మోవానా' బొమ్మల సినిమాను మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారి కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. పసిఫిక్ మహాసముద్రంలో మోటునూయి అనే కల్పిత దీవి. దాని నాయకుడి కూతురు మోవానా. దీవిలో కొబ్బరికాయలు కుళ్ళిపోతుంటాయి, వలల్లో చేపలు పడవు. మౌయి అనే వీరుడు వెయ్యేళ్ళ కిందట ఒక దేవత హృదయాన్ని దొంగిలించడమే దీనికి కారణమట. దాన్ని తిరిగి చేర్చడానికి ఆ పిల్ల పడవెక్కి బయలుదేరుతుంది. పోలినీషియా భాషలు చాలావాటిలో 'మోవానా' అంటే సముద్రమనే అర్థం.

సినిమా బాగుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కాసేపట్లో ఒక పేచీ పెట్టబోతున్నాను.

ముందు నీటి సంగతి చూద్దాం. నీటిని బొమ్మగా చూపడం ఎంత కష్టమో ఆలోచించారా? దానికి ఒక ఆకారం లేదు, ఒక రంగూ లేదు. లోపలి ఇసుక కనబడాలి, పైన ఆకాశం మెరవాలి, అంచున నురగ చెదరాలి. పూర్వం ఇదంతా చేత్తో గీసేవారు. ఈ సినిమాలో ఆ పని లెక్కల ద్వారా జరిగింది. నీటిని లెక్కలేనన్ని చిన్న బిందువులుగా భావించి, ఒక్కొక్కదాన్ని గురుత్వాకర్షణ ఎంత లాగుతుంది, పక్కవి ఎంత నెడతాయి అని కంప్యూటరు లెక్క కట్టింది. తెరమీద సెకనుకు 24 బొమ్మలు పోతాయి కదా, ప్రతి బొమ్మకూ ఇంత లెక్కా మళ్ళీ మొదలే! అయితే మౌయి ఒంటిమీద కదిలే పచ్చబొట్లు మాత్రం ఎరిక్ గోల్డ్‌బర్గ్ బృందం పాత పద్ధతిలో చేత్తో గీసినవి. యంత్రం లెక్క పక్కన పెన్సిలు గీత. ఈ జోడీ నాకు బాగా నచ్చింది.

దృశ్యాల్లోనూ మంచి పరిశీలన ఉంది. దీవి చుట్టూ పగడపు దిబ్బ, దాని లోపల నిశ్చలమైన లేత ఆకుపచ్చ నీరు, దిబ్బ మీద విరిగిపడే కెరటాలు. మోవానా మొదటిసారి పడవ తిరగబడేది అక్కడే. నిజమైన పగడపు దీవుల దగ్గరా ప్రమాదం అక్కడే ఉంటుంది.

ఇక సంగీతం. పాటలు కట్టినవారిలో ఒపెటాయా ఫోవాయి ఒకరు. ఆయన సమోవాలో పుట్టిన కళాకారుడు. జలపాతం వెనుక గుహలో దాచిన పెద్ద పడవ మీద మోవానా డోలు వాయించగానే ఆమె పూర్వీకులు తెరచాపలు ఎత్తి సాగిపోతూ కనిపిస్తారే, ఆ పాటలో పసిఫిక్ దీవుల భాషల మాటలు ఉన్నాయి. డోళ్ళ మోత, దాని మీద జనమంతా కలిసి పాడే గొంతులు. చేయి చాచి నక్షత్రాలను కొలిచే మనుషులు. ఈ ఒక్క పాటలో ఉన్నంత విజ్ఞానం మిగతా సినిమా మొత్తంలో లేదని నా అభిప్రాయం.

పేచీ ఇక్కడే. పాట అయిపోయాక మోవానా ఏం చేసింది? పడవ నడపడం రాకుండానే బయలుదేరింది. నిద్రపోయింది. తుఫాను వచ్చింది. కళ్ళు తెరిచేసరికి సరిగ్గా మౌయి ఉన్న దీవి ఒడ్డునే పడి ఉంది! ఆ తరువాత నీళ్ళలో పడితే కెరటమే ఎత్తి పడవలో కూర్చోబెట్టింది. అంటే నడిపింది సముద్రమే.

కథే కదా, తప్పేముంది అంటారా? సరిగ్గా ఇదే మాటను పోలినీషియన్ల గురించి పెద్దవాళ్ళు గంభీరంగా రాశారు. అంత దూరపు దీవులను వాళ్ళు కావాలని చేరలేదనీ, గాలివాటున కొట్టుకుపోయి తగిలారనీ 1956లో ఆండ్రూ షార్ప్ ఒక పుస్తకంలో వాదించాడు. 1973లో కొందరు పరిశోధకులు ఈ వాదాన్ని కంప్యూటరుకు అప్పగించారు. గాలులు, ప్రవాహాల లెక్కలు ఇచ్చి, ఊరికే కొట్టుకుపోయే పడవలను లక్షకు పైగా ఊహా ప్రయాణాలు చేయించారు. హవాయికి గానీ, న్యూజిలాండుకు గానీ, ఈస్టర్ దీవికి గానీ అలా చేరే అవకాశం దాదాపు లేదని తేలింది. చూశారా తమాషా! ఒక కంప్యూటరు కాదన్నదాన్ని మరో కంప్యూటరు అందంగా చూపించింది.

కంప్యూటరు లెక్క చాలదన్నవారికి 1976లో జవాబు దొరికింది. పాత నమూనాలో కట్టిన 'హోకులేఅ' అనే జంట పడవ హవాయి నుంచి తాహితికి సుమారు 4000 కిలోమీటర్లు ప్రయాణించింది. దిక్సూచి లేదు, పటం లేదు. దారి చూపినవాడు మైక్రోనీషియాలోని సతవాల్ దీవికి చెందిన మౌ పియాయ్‌లుగ్. నక్షత్రాలు ఉదయించే చోటు, అలలు పడవను ఊపే తీరు, సాయంత్రం గూళ్ళకు మళ్ళే పక్షులు, దీవి మీద కదలకుండా నిలిచే మబ్బు, ఇవే ఆయన పనిముట్లు. ఆయన దగ్గర నేర్చుకున్న హవాయి యువకుడు నైనోవా థాంప్సన్ 1980లో అదే దారిని తానే నడిపాడు.

సినిమాలో ఈ విద్య నేర్పే ఘట్టం ఉంది గానీ కొద్ది నిమిషాలే. అందులోనూ ఒక ముఖ్యమైన పాఠం ఇలా సాగుతుంది. నీళ్ళలో చేయి పెట్టు, వెచ్చగా ఉంటే దారి సరైనదేనని మౌయి చెబుతాడు. వెచ్చదనం ఎక్కడిదో తెలిశాక మోవానా ఛీ అంటుంది. నవ్వొస్తుంది, నిజమే. ఆ చోట అలల సంగతి ఒక్కటైనా చెప్పి ఉంటే నేను మరింత సంతోషించేవాణ్ణి. చివరలో మోవానా తన జనానికి దారి పట్టడం నేర్పుతుంది. అది ఎలా నేర్చుకుందో మనకు సరిగా చూపనే లేదు.

'హోకులేఅ' అన్నది ఒక నక్షత్రం పేరు. అది మన స్వాతి నక్షత్రమే! హవాయి పెద్దదీవిలో అది నడినెత్తి మీదుగా పోతుంది. దక్షిణం నుంచి వచ్చే నావికుడికి స్వాతి నడినెత్తికి వచ్చిందంటే హవాయి అక్షాంశానికి చేరినట్టే. మన ఇచ్ఛాపురం కూడా ఇంచుమించు అదే అక్షాంశం మీద ఉంది. మే నెలాఖరున రాత్రి తొమ్మిదిన్నర, పది గంటల మధ్య సప్తర్షి మండలం తోక వంపును అలాగే పొడిగించి చూడండి, నారింజ రంగులో మెరుస్తూ స్వాతి కనబడుతుంది. తరువాత ఉత్తరానికి తిరిగి చేయి బారుగా చాచి, వేళ్ళు విచ్చి, నేల అంచు నుంచి ధ్రువనక్షత్రం దాకా కొలవండి. ఇచ్ఛాపురంలో సుమారు జానెడు వస్తుంది. తిరుపతిలో అంత రాదు. మీ ఊళ్ళో ఎంత?