దసరాకు కాదు, ఉగాదికి రంగులు వేద్దాం

శ్రావణం అడుగుపెడితే చాలు, కెంచార్లహళ్ళి నుంచి చింతామణి, బాగేపల్లి దాకా ఇళ్ళల్లో రంగుల మాట మొదలవుతుంది. వరమహాలక్ష్మి వ్రతం, వినాయక చవితి, దసరా, దీపావళి వరుసగా వస్తాయి. చుట్టాలు వచ్చేలోగా గోడలు మెరవాలని తొందర. ఏ రంగు, ఏ కంపెనీ అని రోజుల తరబడి మాట్లాడుకుంటాం గానీ, గోడలో చెమ్మ ఎంత ఉందో ఒక్క పూటైనా చూడం. ఇంటి రంగుల్లో మనం చేసే తప్పులన్నిటిలో పెద్దది ఇదే.

చిక్కబళ్ళాపుర జిల్లాలో వానలు ముమ్మరంగా కురిసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఈశాన్య రుతుపవనాల జల్లులు నవంబరులోనూ పడుతుంటాయి. అంటే గోడలు నీళ్ళు పీల్చుకుని ఉన్న రోజుల్లోనే మనం బ్రష్ పడుతున్నాం. పూర్వం ఇలా చేసినా చెల్లింది, ఎందుకంటే అప్పుడు కొట్టింది సున్నం. గోడకు పట్టిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా సున్నపురాయిగా గట్టిపడుతుంది. అందుకు కాస్త చెమ్మ కావాలి కూడా. గోడలోని ఆవిరిని అది బయటికి పోనిస్తుంది, క్షారగుణం వల్ల బూజును త్వరగా పట్టనివ్వదు. ఇప్పటి ఎమల్షన్ స్వభావం వేరు. అందులోని నీరు ఆరిపోయాక ప్లాస్టిక్ కణాలు అతుక్కుని పొర కడతాయి. ఆ పొర సున్నమంత సులువుగా ఆవిరిని వదలదు. ఎనామెల్ అయితే దాదాపు మూసేస్తుంది. లోపల చిక్కుకున్న తడి పొరను నెట్టి బొబ్బలు తెస్తుంది. నీళ్ళతో పాటు వచ్చిన ఉప్పు తెల్లగా పొంగుతుంది, పుట్టీ పొడిపొడిగా రాలుతుంది. సరుకు మారింది, మనం రంగులు వేసే కాలం మాత్రం మారలేదు.

రాళ్ళను మట్టి అడుసుతో పేర్చి కట్టిన పాత మిద్దెల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ. పునాదికీ గోడకూ మధ్య చెమ్మను ఆపే పొర వాటికి ఉండదు. నేలలోని తడి కింది రెండు మూడు అడుగుల దాకా ఎక్కుతుంది, ఎక్కినంత మేరా ఆరిపోతూ ఉంటుంది. ఆ భాగానికి సిమెంటు పూసి, పైన ఎమల్షన్ వేస్తే ఆరే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. ఇది మన ఊళ్ళకే పరిమితమైన సంగతి కాదు. పాత కట్టడాల రక్షణ కోసం 1877లో విలియం మోరిస్ తదితరులు ఇంగ్లండులో పెట్టిన సంస్థ కూడా ఇలాంటి గోడలకు సున్నమే తగినదని నేటికీ చెబుతోంది.

కొత్త ఇళ్ళను దెబ్బతీసేది ముహూర్తం. ప్లాస్టరింగ్ చేసి, నీళ్ళు కొట్టి, గోడ ఇంకా పచ్చిగా ఉండగానే గృహప్రవేశం పేరుతో రంగు పూసేస్తారు. ప్లాస్టరింగ్ కనీసం నాలుగు వారాలు ఆరాలని రంగుల కంపెనీలే చెబుతాయి. వానాకాలంలో అదీ చాలదు. పచ్చి సిమెంటులోని క్షారం రంగును వెలవెలబోయేలా చేస్తుంది.

పండుగా ముహూర్తమూ మన కోసం ఆగవు కదా అంటారు. నిజమే, వాటిని ఆపక్కర్లేదు. గృహప్రవేశానికి పలుచగా ఒక పూత సున్నం కొట్టి గడప, గుమ్మం అలంకరించుకుంటే ఏ లోటూ ఉండదు. గోడ ఆరాక ఆ సున్నం గీకి, ప్రైమర్, ఎమల్షన్ వేయించుకోవచ్చు. గీకకుండా దాని మీదే వేస్తే పెచ్చులూడుతుంది. రెండుసార్లు కూలి దండగ అనిపించవచ్చు, కానీ ఊడిన గోడను గీకి, పుట్టీ పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చేయించడం కంటే అది చవకే. చెమ్మను ఆపే ఖరీదైన రంగులు ఉన్నాయిగా అనేది ఇంకో మాట. బయటి గోడ మీద పడే వానను అవి కొంత ఆపుతాయి. నేల నుంచి ఎక్కే తడినీ, కారే పైపునూ, పగిలిన మిద్దెనూ ఏ డబ్బా బాగుచేయదు. ముందు వాటిని సరిచేయించాలి. సున్నం బట్టలకు అంటుకుంటుందన్న ఫిర్యాదును మాత్రం ఒప్పుకుంటాను. అందుకే అందరినీ సున్నానికి తిరిగి వెళ్ళమనడం లేదు, పాత మట్టిగోడల వరకే ఆ సలహా.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒకటిన్నర అడుగుల పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి ఒక పగలూ రాత్రీ ఉంచండి. లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే రంగు వేయకండి. పాత తలుపులు, కిటికీ చువ్వల ఎనామెల్‌ను పొడిగా రుద్దించకండి. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరు నుంచే. అంతకు ముందువాటి ధూళిలో సీసం ఉండవచ్చు, అది పిల్లల మెదడుకు చేటు. తడిపి రుద్దించండి, ఆ పని అయ్యేదాకా పిల్లల్నీ గర్భిణుల్నీ దూరంగా ఉంచండి.

ఈ దసరాకు ఇల్లు దులిపి, గుమ్మాలకు పసుపు రాసి, తోరణాలు కట్టండి. మిద్దె ఎక్కడ కారుతోందో, ఏ గోడ ఉబ్బుతోందో వాన కురిసే రోజుల్లోనే చూసి గుర్తు పెట్టుకోండి. పెయింటరును ఫిబ్రవరి, మార్చి నెలలకు మాట్లాడుకోండి. ఉగాదికి వచ్చే చుట్టాలు కూడా చుట్టాలే.