చుక్కలు చెప్పేది కాలమే

బైబిలు గ్రహాల లెక్కలు నేర్పే గ్రంథం కాదు. రోజులు, ఏళ్ళు, కాలాలు తెలిపేందుకు దేవుడు సూర్యచంద్రులను నిలిపాడని ఆదికాండం చెబుతుంది. భూమి ఎలా తిరుగుతుందో అందులో వెదకడం వృథా ప్రయాస.

అయితే తెలుగు బైబిలులోని యోబు గ్రంథంలో కృత్తిక, మృగశీర్ష, స్వాతి నక్షత్రాలు కనబడతాయి. హెబ్రీ పేర్లకు బదులు అనువాదకులు మన పేర్లే వాడారు. కదిరి ప్రాంత రైతుకు ఇవి కొత్త కావు. ఏడాదిలోని 27 కార్తెలూ నక్షత్రాల పేర్లతోనే నడుస్తాయి. జూన్‌లో మృగశిర రాగానే వేరుశనగ విత్తనం సిద్ధం చేసుకుంటాడు. గుడికి పోయేవారికీ, చర్చికి పోయేవారికీ ఆకాశం ఒక్కటే.

చిక్కల్లా చుక్కలకు లేని అధికారం కట్టబెట్టడంలోనే ఉంది. గ్రహణానికి భయపడి, వర్జ్యం చూసుకుని విత్తే అదను పోగొట్టుకునేవారున్నారు. ఆకాశంలోని గురుతులకు బెదరవద్దని యిర్మీయా గ్రంథం పదో అధ్యాయం హెచ్చరిస్తుంది. చుక్కలకు మొక్కవద్దని ద్వితీయోపదేశకాండం అంటుంది.

కార్తె కాలాన్ని చెబుతుందే గాని వానకు పూచీ పడదు. విత్తే ముందు నేలలో పదును చూడాలి. కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు అందించిన వ్యవసాయ పరిశోధన కేంద్రం కదిరిలోనే ఉంది. ఏ మతం రైతయినా విత్తనం విషయంలో ముందు అక్కడ అడిగి తెలుసుకోవడం మేలు.