గ్వాంగ్‌ఝౌ వెళ్దాం, ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి వెళ్దాం

ప్రిలిమ్స్ అయిపోయాక ఒక వారం ఎక్కడికైనా పోదామని నేనూ, నా రూమ్మేటూ ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. అశోక్‌నగర్ రీడింగ్ రూమ్‌లో కూర్చుని భారత్-చైనా సంబంధాల మీద ఇరవై జవాబులు రాశాం కానీ, చైనా ముఖం చూసింది లేదు. ఇద్దరం బీటెక్ వాళ్లమే. ప్రిపరేషన్ ఖర్చుల కోసం ఇంటి నుంచే గంటల లెక్కన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తున్నాం. ఒక రాత్రి వాడు తేల్చేశాడు: "ఫలక్‌నుమా ఎక్కి హౌరా పోదాం రా. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌ఝౌకి నేరు ఫ్లైట్ ఉంది. పని అక్కడి నుంచే చేసుకుందాం. జీతం పోదు, ఊరు చూసినట్టూ అవుతుంది."

వినడానికి ఎంత బాగుందో! నేనూ రెండు రోజులు ఆ మత్తులోనే ఉన్నాను. మూడో రోజు కాగితం మీద లెక్క వేశాను, చట్టం చదివాను. అప్పటి నుంచి మా ఇద్దరికీ వాదన నడుస్తూనే ఉంది. వాడికి నోటితో చెప్పి గెలవలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా వాదన ఒక్కటే: చైనా వెళ్ళడం మంచిదే, తప్పకుండా వెళ్ళాలి. కానీ టూరిస్టు వీసా మీద ఆఫీసు పని మోసుకుని వెళ్ళడం అక్రమానికి దగ్గర, లాభానికి దూరం, మనలాంటి వాళ్లకు మరీ సిగ్గుచేటు.

ముందుగా, వెళ్ళడం ఎందుకు మంచిది?

2020 జూన్ 15న గల్వాన్‌లో మన సైనికులు 20 మంది అమరులయ్యారు. అది మరిచిపోయి వెళ్ళమని ఎవరూ అనడం లేదు. అదే ఏడాది మొదట్లో కోవిడ్ వల్ల ఆగిన నేరు విమానాలు ఐదేళ్లు దాటినా తిరిగి ఎగరలేదు. 2024 అక్టోబరులో దెప్సాంగ్, డెమ్‌చోక్ గస్తీపై అవగాహన, ఆ వెంటనే కజాన్‌లో ఇద్దరు నేతల భేటీ జరిగాయి. 2025 జూన్‌లో కైలాస మానస సరోవర యాత్ర మళ్లీ మొదలైంది. జూలై 24 నుంచి చైనా పౌరులకు మనం టూరిస్టు వీసాలు ఇవ్వడం ప్రారంభించాం. అక్టోబరు 26న కోల్‌కతా నుంచి గ్వాంగ్‌ఝౌకి ఇండిగో విమానం లేచింది. ఈ వరుస తేదీలతో సహా మనకు కంఠస్థమే. కానీ 2024-25లో 9,900 కోట్ల డాలర్లు దాటిన వాణిజ్య లోటు ఎలా పుట్టిందో అర్థం కావాలంటే, ఆ సరుకు తయారయ్యే నేలను ఒకసారి చూడాలి. శత్రువైనా, పోటీదారైనా, పొరుగువాడైనా, చూడకుండా అంచనా కట్టడం పరీక్షలో మార్కులు తేవచ్చేమో కానీ, పాలనలో పనికిరాదు.

కాబట్టి నా పేచీ ప్రయాణంతో కాదు. బ్యాగులో పెట్టుకునే ల్యాప్‌టాప్‌తో.

చట్టం ఏం చెబుతోంది?

పర్యాటకులకు చైనా ఇచ్చేది ఎల్ వీసా. ఉద్యోగానికి వేరేగా జెడ్ వీసా ఉంది. 2013 జూలై 1 నుంచి అమల్లో ఉన్న వాళ్ల రాకపోకల నిర్వహణ చట్టంలో 41వ అధికరణం ప్రకారం, అక్కడ పనిచేసే విదేశీయుడికి పని అనుమతి, దానికి తగ్గ నివాస అనుమతి ఉండాలి. అక్రమంగా పనిచేస్తే 80వ అధికరణం కింద 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. తీవ్రమైన సందర్భాల్లో 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా.

"అది అక్కడి కంపెనీలో పనిచేసే వాళ్లకు రా. మనం హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తాం, జీతం ఇక్కడి బ్యాంకులో పడుతుంది" అన్నాడు మావాడు. న్యాయంగా ఒప్పుకోవాలి, ఇందులో కొంత బలం ఉంది. విదేశీ యజమానికి దూరం నుంచి చేసే పని గురించి ఆ చట్టం విడిగా ఏమీ చెప్పదు. పన్ను భయం కూడా పెద్దగా లేదు, మన రెండు దేశాల పన్ను ఒప్పందంలో జీతాలకు 183 రోజుల వెసులుబాటు ఉంది. అయితే చట్టం మౌనంగా ఉండటం, అనుమతి ఇవ్వడం ఒకటి కావు. వీసా ఫారంలో ప్రయాణ ఉద్దేశం అడుగుతారు. పర్యటన అని రాసి, వివరాలన్నీ నిజమని కింద సంతకం పెడతాం. వారంలో ఐదు రోజులు, రోజుకు 9 గంటలు పని చేయాలని ముందే నిర్ణయించుకున్న మనిషి ఆ సంతకం ఏ మొహంతో పెడతాడు?

దూరం నుంచి పనిచేసే వాళ్లను రమ్మనాలనుకున్న దేశాలు ఆ మాట సూటిగానే చెప్పాయి. మలేషియా 2022లో, థాయిలాండ్ 2024లో అందుకు ప్రత్యేక వీసాలు తెచ్చాయి. 2024లో జపాన్ కూడా తెచ్చింది, కానీ ఆ జాబితాలో భారత్ లేదు. చైనాలో అలాంటి వీసా లేదు. మన దేశంలోనూ లేదు. అంటే అక్కడ నుంచి వచ్చినవాడు టూరిస్టు వీసా మీద హైటెక్ సిటీ హోటల్లో కూర్చుని తన కంపెనీ పని చేస్తే మనం ఏమంటాం? ఆ జవాబే మనకూ వర్తిస్తుంది.

నెట్ సంగతి

ఇంజనీర్లం కాబట్టి ఇది మనకు తేలిగ్గా అర్థం కావాలి. అక్కడి వైఫైలో గూగుల్, జీమెయిల్, వాట్సాప్, యూట్యూబ్ ఏవీ తెరుచుకోవు. "వీపీఎన్ వేస్తాం" అంటారు. అనుమతి లేని దారుల్లో అంతర్జాతీయ నెట్‌కి వెళ్ళడాన్ని వాళ్ల 1996 నాటి నిబంధనలే నిషేధించాయి, 15,000 యువాన్ల వరకు జరిమానా ఉంది. ఇండియా సిమ్ రోమింగ్‌లో పెడితే డేటా మన ఆపరేటర్ నెట్‌వర్క్ గుండా తిరిగి వస్తుంది కాబట్టి ఇవన్నీ మామూలుగా పనిచేస్తాయి. అమ్మకు వాట్సాప్‌లో ఫొటో పంపడానికి అది చాలు. రోజుకు 3 గంటల వీడియో కాల్స్, స్క్రీన్ షేరింగ్ దాని మీద నడిపితే ప్యాక్ ఎన్నాళ్లు ఉంటుందో మీరే చెప్పండి.

ఇంకొకటి, అందరూ దాటేసే విషయం. ల్యాప్‌టాప్ మనది కాదు, కంపెనీది. అందులో ఉన్న డేటా కంపెనీది కూడా కాదు, క్లయింట్‌ది. చాలా ఒప్పందాల్లో పని ఏ దేశం నుంచి జరగాలో రాసి ఉంటుంది. చెప్పకుండా తీసుకెళ్తే తెగేది మన నమ్మకం ఒక్కటే కాదు, మనల్ని నమ్మి పని ఇచ్చిన టీమ్ లీడర్ మెడ కూడా.

డబ్బు లెక్క

"బడ్జెట్ ట్రిప్" అనే మాటకే అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది. నా అంచనా ఇది, యువాన్‌కి పన్నెండున్నర రూపాయల చొప్పున. హాస్టల్ మంచం రోజుకు 80, ఏడు రాత్రులకు 560 యువాన్లు. తిండి రోజుకు 80, మరో 560. మెట్రో, ఫెర్రీలకు 100. షెన్‌జెన్‌కి రైల్లో పోయి రావడానికి 160. టికెట్లకు 100, చిల్లర మల్లర 120. మొత్తం 1,600 యువాన్లు, అంటే 20,000 రూపాయలు. వీసా, ప్రయాణ ఖర్చు వేరు. అవి పని చేసినా చేయకపోయినా మారవు.

ఇప్పుడు పని కలపండి. ఎనిమిది మంచాల గదిలో కాల్స్ మాట్లాడలేం, విడి గది కావాలి. రోజుకు 200 అనుకున్నా ఏడు రాత్రులకు అదనం 840 యువాన్లు, అంటే 10,500 రూపాయలు. గట్టి రోమింగ్ ప్యాక్‌లకు 4,000. అదనపు ఖర్చు 14,500. నాకు గంటకు 350 చొప్పున 45 గంటలకు వచ్చేది 15,750. మిగిలేది 1,250 రూపాయలు!

ఆ 1,250 కోసం ఏం పోగొట్టుకుంటున్నామో చూడండి. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మన ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 షిఫ్టు అక్కడ మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9. "పొద్దున్నంతా ఖాళీయే కదా" అని మావాడి సంబరం. ఎనిమిదికి బయటపడి పదకొండున్నరకు గదికి చేరాలి. రోజుకు మూడున్నర గంటలు, ఐదు రోజులకు పదిహేడున్నర. మ్యూజియాలు సాయంత్రానికి మూసేస్తారు. రాత్రి తొమ్మిది తర్వాత దొరికేది దీపాల వెలుగూ, కాళ్ల నొప్పీ.

గంటల జీతగాడికి సెలవు అంటే జీతం కోత. ఆ బాధ నాకు తెలుసు, నాకూ వేతనంతో సెలవు లేదు. దానికి నా జవాబు అబద్ధపు వారం కాదు, నిజమైన నాలుగు రోజులు. శని, ఆదివారాలకు రెండు రోజులు కలపండి. పోయేది 18 గంటల కూలి, 6,300 రూపాయలు. మూడు రాత్రుల తిండి, బస ఖర్చు తగ్గి అందులో సగానికి పైగా తిరిగి వస్తుంది.

ఆ రోజుల్లో ఏం చూడాలి?

పొద్దున్నే స్థానికులతో కలిసి టీ, చిన్న చిన్న ఆవిరి వంటకాలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పూర్తయిన చెన్ వంశస్థుల మందిరం. ఒకప్పుడు బ్రిటిష్, ఫ్రెంచ్ వాళ్ల ఆధీనంలో ఉన్న షామియాన్ దీవి. నల్లమందు యుద్ధాల గురించి మనం చదివే పేరాలకు అక్కడ గోడలు, కిటికీలు కనిపిస్తాయి. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన బోధిధర్ముడు ఓడ దిగిన చోటని అక్కడి సంప్రదాయం చెప్పే హువాలిన్ ఆలయం. ఊరి పెద్ద గ్రంథాలయం. అక్కడ మనలాగే పుస్తకాల మీద తలలు వాల్చిన పిల్లల్ని చూడాలని నా కోరిక. ఒక రోజు షెన్‌జెన్, 1980లో మొదలైన నాలుగు ప్రత్యేక ఆర్థిక మండలాల్లో ఒకటి.

వేసవిలో అక్కడ ఉక్క, ఉరుము, వాన, తుఫాన్లు. గొడుగు మరవకండి. 1957 నుంచి జరిగే కాంటన్ ఫెయిర్ వసంతంలో, శరత్తులో ఉంటుంది కాబట్టి వేసవిలో గదుల ధరలకు ఆ ఒత్తిడి ఉండదు. అలీపేలో వీసా, మాస్టర్ కార్డు కలపవచ్చు, 200 యువాన్ల లోపు చెల్లింపులకు రుసుము లేదు. కార్డుకి విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేసుకోండి. పాస్‌పోర్టు ఎప్పుడూ దగ్గర ఉండాలి. హోటల్లో కాకుండా తెలిసినవాళ్ల ఇంట్లో దిగితే 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు తప్పనిసరి. మన ఆంధ్ర, తెలంగాణ పిల్లలు ఎంతోమంది అక్కడ ఎంబీబీఎస్ చదివారు, ఇలాంటివి వాళ్లనడిగితే బాగా చెబుతారు.

"ఎవరు చూస్తారు రా?"

మావాడి ఆఖరి అస్త్రం ఇదే. నిజమే, బహుశా ఎవరూ చూడరు. కానీ జీఎస్-4లో మనం నిజాయతీకి రాసే నిర్వచనం ఏమిటి? ఎవరూ చూడనప్పుడు కూడా సరైన పని చేయడం. ఆ వాక్యం నేను కనీసం పదిసార్లు రాశాను. రేపు ఒక జిల్లాలో కూర్చుని, అనుమతి లేకుండా ఇసుక తవ్వినవాడు "చట్టంలో ఈ మాట స్పష్టంగా లేదు సార్, ఎవరికీ నష్టం లేదు" అంటే మనం ఏం చెబుతాం?

ఇంకో మాట. 2023లో చెంగ్డూ క్రీడలకు బయల్దేరిన అరుణాచల్ ప్రదేశ్ వుషు క్రీడాకారులకు చైనా స్టేపుల్ చేసిన వీసాలు ఇచ్చింది. మన దేశం ఒప్పుకోలేదు, వాళ్లు వెళ్ళలేకపోయారు. మన పక్క బెంచీలో పరీక్ష రాసే ఈటానగర్ అమ్మాయికి సరిగ్గా దొరకని వీసా మనకు దొరుకుతోంది. ఇన్నేళ్ల తర్వాత తెరుచుకున్న ఆ తలుపును దొంగదారిగా వాడుకునే హక్కు మనకు లేదు.

మావాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నాలుగు రోజుల ప్లాన్ మాత్రం అడిగి తీసుకున్నాడు.

సాధన ప్రశ్న: "ప్రజల మధ్య రాకపోకలు పెరగకుండా ప్రభుత్వాల మధ్య విశ్వాసం నిలవదు." భారత్-చైనా సంబంధాల నేపథ్యంలో విమర్శనాత్మకంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)