సిలబస్ పూర్తయింది, పిల్ల మిగిలిపోయింది

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఇంగ్లీషు ఎలా చెప్తున్నారన్నది స్త్రీల హక్కుల పత్రికకు సంబంధించిన విషయమేనా అని కొందరు మిత్రులు అడిగారు. గృహహింస ఉంది, వరకట్నం ఉంది, పనిచోట వేధింపులున్నాయి, వీటి మధ్య పాఠ్యపుస్తకం గొడవేమిటని వాళ్ల ఉద్దేశం. బడి మానేసిన ఆడపిల్ల పెళ్లి ఆపడానికి పరుగెత్తే వాళ్లం, ఆ పిల్ల ఏ పీరియడులో బడి మీద ఆశ వదులుకుందో తెలుసుకోవడం కూడా మన పనే అని నా అభిప్రాయం. తార్నాక చుట్టుపక్కల బస్తీల్లో నేను చూసినంతలో ఆ పీరియడు చాలామందికి ఇంగ్లీషు, లేదంటే లెక్కలు. లెక్కల సంగతి మరోసారి.

చోటు గురించి కొంచెం చెప్పాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనాభాషగా మొదలైంది. అప్పుడూ ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. 1948 తర్వాత బోధనాభాషే ఇంగ్లీషయింది. ఆ ఆవరణను ఆనుకునే ఇవాళ ఇఫ్లూ ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా పుట్టి, సీఫెల్ అయి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. దేశంలో ఇంగ్లీషు బోధనను బాగుచేయడానికే దాన్ని పెట్టారు. ఈ ఆవరణల అంచునే మాణికేశ్వరినగర్ ఉంది, జనం నోట్లో ఇప్పటికీ వడ్డెర బస్తీ. కొంచెం ముందుకెళ్తే లాలాపేట. ఈ బస్తీల ఆడవాళ్లు తార్నాక, హబ్సిగూడ అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతారు, క్యాంపస్ హాస్టళ్లలో వంటపనులు చేస్తారు. వాళ్ల కూతుళ్లు సర్కారు బడికో, నెలకు ఇంత అని కట్టించుకునే చిన్న ప్రైవేటు బడికో పోతారు. ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టగలిగితే ఆ ఒక్కరు ఎవరో వేరే చెప్పనక్కరలేదు. తమ్ముడు ప్రైవేటుకు, అక్క సర్కారుకు.

సాయంత్రం చదువు చెప్పేచోట ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి ఇంగ్లీషు నోట్సు చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి ప్రశ్నకూ జవాబు, ప్రతి జవాబు కింద ఎర్ర సిరా టిక్కు, సంతకం, తారీఖు. ఒక జవాబు చదవమన్నాను. మొదటి మాట దగ్గర ఆగిపోయింది. "చదవరాదక్కా. మేడం బోర్డు మీద రాసింది, మేం ఎక్కిచ్చుకున్నం" అంది. అందులో ఆమెకు సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించలేదు. నిజమే, సిగ్గుపడాల్సింది ఆమె కాదు. వాళ్లమ్మ మాత్రం కంగారు పడింది. "నోట్సు నిండింది గదమ్మా, ఇంగ రాకపోవుడేంది?" అని నన్నే నిలదీసింది. ఆ తల్లి ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు, ఆ మేడం ఆ వరుసలో చిట్టచివర వస్తుంది.

ఎందుకంటే ఆ మేడం చట్టం చెప్పినట్టే చేసింది. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచర్ల విధులు చెప్తుంది. నిర్ణీత కాలంలో మొత్తం పాఠ్యప్రణాళిక పూర్తి చేయాలన్నది ఒక విధి. దాని వెంటనే ఇంకొకటుంది: ఒక్కొక్క బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలి. కాగితం మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. బడిలో మాత్రం మొదటిదానికే రిజిస్టరుంది, డైరీ ఉంది, తనిఖీ ఉంది, సంజాయిషీ ఉంది. రెండోదానికి ఏ రిజిస్టరూ లేదు. ఏ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారీ "మీ క్లాసులో వెనకబెంచీ పిల్ల ఈ ఏడాది ఎన్ని కొత్త వాక్యాలు సొంతంగా రాసింది?" అని అడగడు. "ఎన్నో యూనిట్‌లో ఉన్నారు?" అని అడుగుతాడు. ఆరో తరగతికి వచ్చిన పిల్లలో చాలామందికి రెండో తరగతి వాక్యం చదవడం కష్టమని ప్రభుత్వానికీ తెలుసు. తెలుసు గనకే తెలంగాణలో ప్రాథమిక తరగతులకు 2022లో 'తొలిమెట్టు', తర్వాత పై తరగతులకు 'ఉన్నతి' అంటూ కార్యక్రమాలు పెట్టారు. కానీ పుస్తకం వేగం తగ్గలేదు. పాత బరువు దించకుండా కొత్త బరువు ఎత్తితే మోసేది ఎవరు?

పుస్తకం చెడ్డదని నేను అనడం లేదు. ఇక్కడ తొందరపడి దాడి చేసేవాళ్లు పుస్తకం తెరిచి చూడాలి. 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తయారైన ఇంగ్లీషు వాచకాలు పాతవాటికంటే చాలా నయం. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించడం తగ్గించి పిల్లలు మాట్లాడాలి, చర్చించాలి, సొంతంగా రాయాలి అన్నారు. ఎనిమిదో తరగతి పుస్తకంలో డికెన్స్ ఆలివర్ ఉన్నాడు, వర్క్‌హౌస్‌లో ఇంకొంచెం గంజి పెట్టమని అడిగి దెబ్బలు తిన్న పిల్లవాడు. మన బడిపిల్లలకు దీనికంటే దగ్గరి పాఠం ఏముంటుంది? ఆ పాఠాన్ని సాయంత్రం క్లాసులో తెలుగులో మొదలుపెట్టాం. "మీ బడిలో మధ్యాహ్నం రెండోసారి అన్నం అడిగితే ఏమైతది?" అన్నానో లేదో, పది గొంతులు లేచాయి. గుడ్డు ఎప్పుడు పెడతారు, ఎప్పుడు పెట్టరు, పప్పు ఎంత పల్చన, ఎక్కువ అడిగితే వంటామె ఏమంటుంది, ఆమెకు బిల్లు ఎన్ని నెలలకు వస్తుంది. ఆ వంటామె వాళ్లలో ఒకరికి పెద్దమ్మే. అరగంట తర్వాత అదే ముచ్చటను ఇంగ్లీషులో నాలుగు చిన్న వాక్యాలుగా కట్టారు. తప్పులున్నాయి. కానీ అవి వాళ్ల వాక్యాలు. ఇదే పాఠం బడిలో రెండు పీరియడ్లలో అయిపోయింది. గైడులో జవాబులున్నాయి, బోర్డు మీదికి వచ్చాయి, నోట్సులోకి వెళ్లాయి. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడొద్దని ఆ బడిలో నియమం. కాబట్టి గంజి అన్న మాట నోరు దాటలేదు.

అదే పుస్తకంలో వెనకవైపు స్త్రీల సాధికారత యూనిట్ ఉంది. అందులో అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్సాయ్ బ్రతుకు' కథ ఇంగ్లీషు అనువాదం ఉంది. ఈ కథ అంతకుముందు పదో తరగతి తెలుగు వాచకంలోనూ ఉండేది. మన ఉద్యమంతో దశాబ్దాలుగా కలిసి నడిచి 2019లో వెళ్లిపోయిన రచయిత్రి, ఈ నగరంలోనే బతికిన మనిషి. కొమ్మలు కత్తిరించి కుండీలో ముద్దుగా పెంచిన చెట్టుకూ, ఆడపిల్ల పెంపకానికీ పోలిక చెప్పిన కథ. సర్కారు బడి పుస్తకంలోకి ఆ కథ రావడం చిన్న విజయం కాదు. అయితే సిలబస్‌లో వెనక ఉన్న యూనిట్ ఎప్పుడు వస్తుంది? పరీక్షల ముందు. రివిజన్ తొందరలో. అప్పటికి టీచరుకు కావాల్సింది యూనిట్ పేరు పక్కన టిక్కు. కుండీ అంటే ఇంగ్లీషులో ఏమంటారో రాయించి, చెట్టు ఎందుకు పొట్టిగా ఉందో మూడు వాక్యాల్లో రాయించి ముగిస్తారు. మీ ఇంట్లో ఎవరి కొమ్మలు కత్తిరించారు అని అడిగే తీరిక ఉండదు. తన పెళ్లి మాటలు ఇంట్లో నడుస్తున్న పిల్ల ఆ బెంచీ మీదే కూర్చుని ఆ మూడు వాక్యాలూ ఎక్కించుకుంటుంది.

ఈ యూనిట్‌ను జూలైలో చెప్పే హక్కు టీచరుకు ఉందా? నేను అడిగిన టీచర్లలో ఒకామె నవ్వింది. "పరీక్ష పేపరు బైట్నించి వస్తది. వరుస తప్పితే మా పిల్లలు పేపరు రాయలేరు, రేపు మార్కులు తక్కువైతే నన్నే అడుగుతరు" అంది. ఇంతకంటే సూటిగా ఎవరు చెప్తారు? పరీక్ష ఇక్కడ పాఠాన్ని నడుపుతోంది, ప్రాజెక్టులు, స్లిప్ టెస్టులు అన్నీ పెట్టినా సరే. ఆ ప్రాజెక్టులు కూడా జిరాక్స్ సెంటరులో అమ్ముడుపోతున్నాయి.

ఇక ప్రైవేటు బడుల సంగతి. అక్కడ ఇంగ్లీషు చెప్పేది దాదాపు అంతా ఆడవాళ్లే. డిగ్రీ చదివి, పెళ్లయి, ఇంటికి దగ్గరలో ఉంటుందని చేరినవాళ్లు. జీతం వేలల్లోనే, అదీ చాలాచోట్ల వేసవి సెలవులకు ఉండదు. కొన్ని చోట్ల ఏ రోజు ఏ పేజీ, ఏ ప్రశ్న అడగాలి, ఏ జవాబు రాయించాలి అన్నది కూడా ముందే ముద్రించి ఇస్తారు. ఇలాంటి బడిలో చదువుకున్న స్త్రీ చేసే పని ఇంకొకరి చేతిరాతను బోర్డు మీదికి ఎక్కించడం. 2020లో బడులు మూతపడగానే వీళ్లు ఒక్క మాటతో రోడ్డున పడ్డారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తానంది. టీచరును కరువు పని జాబితాలోకి తెచ్చిన రోజది. దానిమీద మనం చాలినంత మాట్లాడలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ మాటలు అనగానే రెండు శిబిరాలు నన్ను తమలో కలిపేసుకుంటాయి, అందుకే స్పష్టంగా చెప్పాలి. తెలుగు చచ్చిపోతోందని సభల్లో కంటతడి పెట్టే భాషాభిమానులతో నాకు పేచీ ఉంది. వాళ్లలో ఎంతమంది మనవలు సర్కారు తెలుగు మీడియంలో ఉన్నారో చెప్పాక మాట్లాడవచ్చు. ఈ ఉస్మానియాలోనే పనిచేసిన కంచ ఐలయ్య దళిత బహుజన పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు దక్కాలో ఏళ్ల తరబడి చెప్తూ వచ్చారు. ఆ వాదనకు నిజాయితీగా సమాధానం చెప్పిన భాషాభిమాని నాకు ఇంతవరకూ తారసపడలేదు. పని ఇళ్లలో కాలింగ్ బెల్ పక్కన ఉన్న కాగితం చదవలేక అవమానపడిన తల్లి తన కూతురికి ఇంగ్లీషు కావాలంటే అది వలస బానిసత్వం కాదు.

రెండో శిబిరం ప్రభుత్వాలది. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో జీవో 81తో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంకు మార్చబోయింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలిచ్చింది. ఆ ఎదురు పేజీ ఆలోచన మంచిదే. కానీ ఇంగ్లీషును మీడియం చేస్తే ఇంగ్లీషు వచ్చేస్తుందన్న నమ్మకం మీద ఇదంతా నిలబడింది. ఇంగ్లీషు పీరియడులోనే ఇంగ్లీషు నేర్పలేకపోతుంటే సైన్సు పీరియడులో ఎలా నేర్పుతారు? అప్పుడు పిల్లకు సైన్సూ పోతుంది. జీవో ఇవ్వడానికి ఒక సంతకం చాలు. టీచరు పోస్టు నింపడానికి, లైబ్రరీ పెట్టడానికి, శిక్షణ ఇవ్వడానికి డబ్బు కావాలి.

వేరే దారి లేదా? మన దక్షిణాదిలోనే ఉంది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్.ప్రభు, ఆయన సహచరులు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో ఒక ప్రయోగం చేశారు. ముందే గీసిన వ్యాకరణ జాబితా లేదు. రైలు టైం టేబులో, పటమో ముందు పెట్టి ఒక చిక్కుముడి విప్పమనేవారు, ఆ పనిలో భాష దానంతటది వస్తుందన్నది వాళ్ల నమ్మకం. అందులో చెప్పిన టీచర్లు చాలామంది బాగా తర్ఫీదైన వాళ్లు, కాబట్టి ప్రతిచోటా అలాగే నడుస్తుందని నేను అనను. జాబితా లేకపోతే ఆకాశం విరిగిపడదని మాత్రం తేలింది. ఇక పుస్తకం మాటకొస్తే, ఈ ఉస్మానియా ఆవరణలో 1985లో మొదలైన అన్వేషి 2008లో దళిత, ముస్లిం, కింది కులాల పిల్లల జీవితాల కథలతో 'డిఫరెంట్ టేల్స్' అనే బొమ్మల పుస్తకాలు తెచ్చింది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఒకే కథ రెండు భాషల్లో చేతిలో ఉంటే పిల్ల ఒకదాని భుజం పట్టుకుని రెండోదానిలోకి నడుస్తుంది. అలాంటివి బడి బీరువాలో ఉండాలి, తాళం లేకుండా.

నేను అడుగుతున్నవి పెద్ద కోర్కెలు కావు. ఏ యూనిట్ ఎప్పుడు చెప్పాలో, ఏది వదిలేయాలో టీచరు నిర్ణయించనివ్వాలి, ఆ మేరకు పరీక్ష పేపరు ఆ బడిలోనే తయారుకావాలి. ఇంగ్లీషు క్లాసులో తెలుగు, ఉర్దూ, లంబాడీ ఏ భాషైనా వాడుకోనివ్వాలి. ప్రైవేటు బడి టీచరుకు పన్నెండు నెలల జీతం ఇవ్వాలి. గోడ అవతల ఇంగ్లీషు బోధన మీద పరిశోధన చేసేవాళ్లు గోడ ఇవతలి బడిలో ఏడాదికి కొన్ని నెలలు క్లాసు చెప్పాలి, సర్వే కాగితాలు నింపుకుని పోవడం కాకుండా.

వీటిని ఎక్కడ అడగాలన్నది కూడా చట్టంలోనే ఉంది. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా పెట్టారు. బడి మరమ్మతులు, మరుగుదొడ్లు వీళ్లకు అప్పగించారు. యూనిఫారాలు కుట్టే పని కూడా సంఘాల ఆడవాళ్లదే. గోడకు సున్నం వేయించడానికి పనికొచ్చిన తల్లి, పిల్ల నోట్సు గురించి అడగడానికి పనికిరాదా? వచ్చే కమిటీ సమావేశానికి మన సంఘాల వాళ్లు ఒక తల్లి వెంట వెళ్లాలి. ఆమె చేతిలో కూతురి ఇంగ్లీషు నోట్సు ఉండాలి. హెడ్‌మాస్టరు ముందు, ఎంఈవో ముందు దాన్ని తెరిచి, నాకు అడిగిన ప్రశ్నే అక్కడ అడగాలి: "నోట్సు నిండింది గద సార్, ఇంగ రాకపోవుడేంది?"